పెరట్లో రైలు... కదలదేం?

పట్టాలున్నాయి. కరెంటుంది. ఇంజిన్ కూడా కొత్తదే. అయినా బండి కదలదు! బొమ్మరైలు మొండికేస్తే చాలామంది ముందుగా వెతికేది స్క్రూడ్రైవర్ కోసం. నిజానికి చివర్లో పట్టుకోవాల్సిన పనిముట్టు అది. మరి మొదట చేయాల్సిందేమిటి?

"తాతా... మళ్లీ ఆగిపోయింది!"

మామిడిచెట్టు కింద నుంచి పిల్లాడి కేక.

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే దారిలో, పెనుబల్లిలో ఓ పెరడు ఊహించుకోండి. బావి గట్టు దగ్గర మొదలై, మల్లెపందిరి పక్కగా వెళ్లి, మామిడిచెట్టును చుట్టి మళ్లీ బావి దగ్గరికే చేరే ఇత్తడి పట్టాలు. వాటి మీద మూరెడు పొడవు ఇంజిన్. అమెరికాలో ఉండే మేనమామ దసరాకి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య భద్రంగా దాచి తెచ్చాడు. ఆయన తిరిగి వెళ్లి రెండు వారాలైంది. ఈలోగా రెండు మూడు వానలు పడ్డాయి. తెల్లారితే పిల్లాడి పుట్టినరోజు. రైలు చూడ్డానికి వస్తామని వీధిలోని పిల్లలంతా ముందే చెప్పిపెట్టారు. ఇంజినేమో బావి దగ్గర బుద్ధిగా కదులుతోంది. మామిడిచెట్టు దాకా వెళ్లేసరికి దాని దీపం మిణుకుమిణుకుమని, అడుగు ముందుకేయనంటోంది.

బాబాయి స్క్రూడ్రైవర్ తెచ్చేశాడు. "విప్పి చూద్దాం నాన్నా, లోపల ఏదో ఊడి ఉంటుంది" అన్నాడు.

సింగరేణిలో ఫిట్టరుగా చేసి రిటైరైన తాత ఒప్పుకోలేదు. "రోగం ఎక్కడుందో తేలకుండానే కోత పెడతావేంరా? ముందు నాడి చూద్దాం ఆగు" అన్నాడు.

ఈ కుటుంబం ఊహే. కానీ ఆ కష్టం ఊహ కాదు. పెరట్లో రైలు నడుపుకునే సరదా ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. ఇలాంటి కొత్త ఇంజిన్ ధర వందల యూరోల్లో ఉంటుంది. బాగుచేసే దుకాణం మన జిల్లాల్లో వెతికినా దొరకదు. తొందరపడి విప్పితే లోపలున్న ఆవగింజంత స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడుతుంది. అప్పటిదాకా లేని జబ్బు కొత్తగా వచ్చి చేరుతుంది. అందుకే తాత మాటలో చాలా అర్థముంది.

మీటర్‌గేజి... మూరెడు రూపం!

ఇంట్లో బల్లమీద నడిచే బొమ్మరైళ్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని వానకీ ఎండకీ తట్టుకునేలా చేసి తోటలోకి తెచ్చిన ఘనత ఎక్కువగా జర్మనీ వాళ్లది. 1881లో మొదలైన లేమాన్ అనే బొమ్మల కంపెనీ, 1968లో న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనలో 'ఎల్‌జీబీ' పేరుతో పెద్దసైజు రైళ్లను విడుదల చేసింది. ఆ పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. అసలు బండిని 22.5 రెట్లు చిన్నది చేస్తే ఈ బొమ్మ వస్తుంది. లెక్కేసి చూడండి... 45 మిల్లీమీటర్లను 22.5తో హెచ్చిస్తే దాదాపు ఒక మీటరు! అంటే ఇది మన పెద్దవాళ్లు ఒకప్పుడు సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు ప్రయాణించిన మీటర్‌గేజి రైలుకి బుల్లిరూపమన్నమాట. ఎల్‌జీబీ కంపెనీ 2006లో దివాలా తీస్తే, ఆ మరుసటేడు జర్మనీకే చెందిన మార్క్‌లిన్ సంస్థ కొనుక్కుంది.

మన దేశంలో బుల్లిరైళ్ల ముచ్చట చూడాలంటే పుణె వెళ్లాలి. అక్కడి జోషీస్ మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వేస్ 1998లో ప్రారంభమైంది. ఇక హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియటూర్ వండర్‌లాండ్ అయితే ఏకంగా ఓ ప్రపంచమే. కాకపోతే ఇవన్నీ నీడపట్టున నడిచే రైళ్లు. వానా, బురదా, చీమలూ, రాలిన ఆకులూ... ఈ తిప్పలన్నీ పడాల్సింది పెరటి రైలే.

పట్టాలే కరెంటు తీగలు

బండి ఎందుకు ఆగిందో తెలియాలంటే అసలెలా నడుస్తుందో తెలియాలి. మామూలు పెరటి రైలులో పట్టాలే కరెంటు తీగలు. ఇంట్లోని కరెంటును ఓ కంట్రోలర్ 24 వోల్టుల లోపు డీసీగా మారుస్తుంది. ఒక పట్టాకి ప్లస్సు, రెండోదానికి మైనస్సు. ఒకవైపు చక్రాల నుంచి కరెంటు ఇంజిన్‌లోకి ఎక్కి, మోటారును తిప్పి, రెండోవైపు చక్రాల నుంచి దిగిపోతుంది. ఎక్కువ వోల్టులిస్తే వేగంగా పోతుంది. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది.

అంటే గోడకున్న ప్లగ్గు నుంచి మోటారు దాకా ఓ గొలుసు. ప్లగ్గు, కంట్రోలర్, తీగ, పట్టా, పట్టాల అతుకులు, చక్రం, మోటారు, పళ్లచక్రాలు... ఏ ఒక్క లింకు తెగినా బండి ఆగుతుంది. తెగిన లింకును పట్టుకోవడమే అసలు పని. ఒక్కొక్కటీ చూసుకుంటూపోతే పొద్దుగూకుతుంది. అనుభవజ్ఞులు గొలుసును మధ్యకి విరిచి, తప్పు ఏ సగంలో ఉందో ముందు తేల్చుకుంటారు.

తొమ్మిది వోల్టుల సాక్షి

తాత మొదట చేసింది అదే. ఇంజిన్‌ను పట్టాల మీద నుంచి తీసి, వంటింటి గట్టు మీద తువ్వాలు పరిచి వెల్లకిలా పడుకోబెట్టాడు. 9 వోల్టుల చిన్న బ్యాటరీకి రెండు తీగ ముక్కలు తగిలించి, ఒకటి కుడివైపు చక్రానికీ మరోటి ఎడమవైపు చక్రానికీ ఆనించాడు. చక్రాలు నెమ్మదిగా తిరిగాయి. తీగలు మార్చి పెడితే ఎదురు తిరిగాయి.

"చూశావా... ఇంజిన్ నిర్దోషి!" అన్నాడు. బాబాయి చేతిలోని స్క్రూడ్రైవర్ తిరిగి డబ్బాలోకి చేరింది.

రూపాయి ఖర్చులేని ఈ ఒక్క పరీక్షతో సగం గొలుసు పక్కకి పోయినట్టే. చక్రాలు తిరిగితే తప్పు పట్టాలదో, తీగలదో, కంట్రోలర్‌దో. తిరగకపోతే ఇంజిన్‌ది. డిజిటల్ ఇంజిన్ల విషయంలో మాత్రం ఓ మెలిక ఉంది. వాటి లోపల డీకోడర్ అనే చిన్న కంప్యూటర్ ఉంటుంది. అది నిద్రలేవడానికి 9 వోల్టులు సరిపోకపోవచ్చు. కాబట్టి వాటిని బాగా నడుస్తున్న చిన్న పట్టాముక్క మీద పెట్టి చూడటమే సరైన పరీక్ష. కూత వినిపిస్తూ, దీపం వెలుగుతూ బండి మాత్రం కదలకపోతే కరెంటు అందుతున్నట్టే లెక్క. అప్పుడు చూడాల్సింది డీకోడర్‌కిచ్చిన నంబరును, మోటారును, పళ్లచక్రాలను.

చింతపండు వద్దు!

ఇంజిన్ బాగానే ఉందని తేలాక వరసలో తర్వాతి ముద్దాయి మురికి. ఇత్తడి బిందె నాలుగు రోజులు బయట ఉంటే నల్లబడుతుంది కదా! పట్టాలూ అంతే. గాలికీ తేమకీ పైన సన్నటి పొర కడుతుంది. ఆ పొర కరెంటును సరిగ్గా పోనివ్వదు. దానికితోడు వానచినుకులకు ఎగిరిపడ్డ ఎర్రమట్టి, మామిడాకుల జిగురు. చక్రం పట్టాని తాకే చోటు ఆవగింజంతే. ఆ కాస్త చోటులో మురికి ఉంటే కరెంటుకి దారే ఉండదు.

ఇత్తడి అనగానే చింతపండు తెచ్చేస్తారు కొందరు. దాని పులుపుకి నల్లటి పొర వదిలే మాట నిజమే. కానీ అతుకుల సందుల్లో మిగిలిపోయిన పులుసు మళ్లీ చిలుం పట్టిస్తుంది. చీమల్నీ పిలుస్తుంది. అందుకే పొడి స్క్రబ్బరుతో పట్టా పైభాగాన్ని రుద్ది, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవడం మేలు. స్పిరిట్‌కి నిప్పంటుకునే గుణముంది కాబట్టి కరెంటు ఆపేసి, పూర్తిగా ఆరాకే మళ్లీ ఇవ్వాలి. గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం వాడకూడదు. దాని సన్నటి పోగులు మోటారులోని అయస్కాంతానికి అతుక్కుని లోపల షార్ట్ చేస్తాయి.

ఈ తిప్పలు బొమ్మరైలుకే అనుకోకండి. పెద్దరైళ్ల సిగ్నళ్లు చాలాచోట్ల 'ట్రాక్ సర్క్యూట్' పద్ధతిలో పనిచేస్తాయి. పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పంపుతారు. బండి వచ్చినప్పుడు చక్రాలూ ఇరుసూ ఆ రెండు పట్టాలను కలిపేస్తాయి. దాన్నిబట్టి అక్కడ బండి ఉందని సిగ్నల్ వ్యవస్థకు తెలుస్తుంది. బండ్లు నడవక తుప్పుపట్టిన పట్టాల మీద ఆ కలయిక సరిగ్గా జరగదు. అందుకే వాడకం తక్కువున్న లైన్ల తుప్పు మీద రైల్వే ఇంజినీర్లు ఓ కన్నేసి ఉంచుతారు.

మీటరు చెప్పిన సగం నిజం

మనవడు పట్టాలు మొత్తం రుద్దాడు. అద్దంలా మెరిశాయి. ఇంజిన్ పెట్టారు. మామిడిచెట్టు దగ్గర... మళ్లీ అదే కథ!

తాత మల్టీమీటర్ తీశాడు. బావి దగ్గర పట్టాల మీద పెడితే 18 వోల్టులు చూపించింది. మల్లెపందిరి దగ్గరా 18. మామిడిచెట్టు దగ్గరా 18! కరెంటు సమంగానే ఉంది. ఇంజిన్ బాగానే ఉంది. మరి బండెందుకు నడవదు?

చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే. మీటరు అబద్ధమాడలేదు. కానీ సగం నిజమే చెప్పింది. మీటరు తాను తాగే కరెంటు అణుమాత్రం. అందుకే చిలుం పట్టిన అతుకు దాటి కూడా దానికి పూర్తి వోల్టులు కనిపిస్తాయి. ఇంజిన్‌కి కావాల్సింది ఓ ఆంపియరు అటూ ఇటుగా. అంత కరెంటు లాగేసరికి వోల్టులన్నీ ఆ పాడైన అతుకు దగ్గరే ఖర్చయిపోతాయి. సన్నటి పైపులోంచి చుక్కచుక్కగా కారినా బిందె నిండుతుంది. మోటారు పెట్టి పొలం తడపాలంటే మాత్రం ఆ పైపు చాలదు.

అయితే బరువు మోయించి చూడాలి. బొగ్గు లారీలు తిరిగిన ప్రాంతంలో అందుకు పనికొచ్చే పరికరానికి లోటేముంది... లారీ ఇండికేటర్ బల్బు! లారీలది 24 వోల్టుల బ్యాటరీ వ్యవస్థ కాబట్టి 18 వోల్టులకు ఆ బల్బు మాడిపోదు. అది 21 వాట్లదైతే దాదాపు ఇంజిన్ లాగినంత కరెంటు లాగుతుంది. తాత దానికి రెండు తీగలు తగిలించి పట్టాల మీద ఆనించుకుంటూ నడిచాడు. బావి దగ్గర దేదీప్యమానం. పందిరి దగ్గర ఫరవాలేదు. చెట్టుకి రెండడుగుల ఇవతల బాగానే వెలిగిన బల్బు, ఒక అతుకు దాటగానే ఎర్రటి దారంలా మారిపోయింది.

"దొరికాడు దొంగ!"

రెండు పట్టాలను కలిపే చిన్న లోహపు తొడుగు అది. రైల్వే భాషలో ఫిష్‌ప్లేటు లాంటిది. ఊడదీసి చూస్తే లోపలంతా చీమలు పెట్టిన మెత్తటి ఎర్రమట్టి, ఆకుపచ్చటి చిలుం. బండి మొండికేసింది ఈ గోరంత రేకు ముక్క వల్ల!

మరి లూపు చుట్టూ తిరిగి రెండోవైపు నుంచి కరెంటు రావాలి కదా అనుకోవచ్చు. అటువైపు అతుకులు మరీ ఎక్కువ. ఒక్కోటీ కొంచెం కొంచెం తినేస్తే చివరికి మిగిలేది ఏమీ ఉండదు. తాత ఆ తొడుగును శుభ్రం చేసి బిగించాడు. అంతటితో ఆగలేదు. కంట్రోలర్ నుంచి మందపాటి జంట తీగను మామిడిచెట్టు దాకా లాగి, అక్కడా పట్టాలకు కలిపాడు. ప్లస్సు ప్లస్సుకే, మైనస్సు మైనస్సుకే కలిసేలా సరిచూసుకుని మరీ! లూపు పెద్దదైతే ఇలా రెండు మూడుచోట్ల కరెంటు అందించడమే శాశ్వత పరిష్కారం. అతుకులకు తొడుగులకు బదులు స్క్రూలతో బిగించే క్లాంపులు వాడితే వానాకాలమూ గట్టెక్కుతుంది.

తప్పు ఇంజిన్‌దే అయితే?

9 వోల్టుల పరీక్షలో చక్రాలు తిరగలేదనుకోండి. అప్పుడైనా ముందు విప్పకూడదు. పైపైన చూడాల్సినవి చాలా ఉన్నాయి. చక్రాల అంచుల మీద నల్లటి జిడ్డు పేరుకుందేమో చూడాలి. ఇరుసులకి వెంట్రుకలో, పూలదండ దారమో చుట్టుకోవడం మన ఇళ్లలో మామూలే. చక్రం వెనక ఆనుకునే చిన్న కార్బన్ ముక్కలు, పట్టాని రాసుకుంటూపోయే లోహపు షూలు అరిగిపోతే కరెంటు లోపలికి ఎక్కదు. కొన్ని ఇంజిన్లలో పట్టు కోసం ఒక చక్రానికి రబ్బరు రింగు ఉంటుంది. ఆ చక్రం కరెంటును అందుకోలేదు. కాబట్టి మిగతావి శుభ్రంగా ఉండాలి. మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ చక్రాలు కదలకపోతే ప్లాస్టిక్ పళ్లచక్రం పగిలిందని అనుమానించాలి.

కొబ్బరినూనె రాస్తే సరిపోతుందనుకోవడం మరో పొరపాటు. చలికి అది గడ్డకడుతుంది. దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇరుసులకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. పళ్లచక్రాలకు ప్లాస్టిక్‌ను పాడుచేయని గ్రీజు వాడాలి. పట్టాల మీద మాత్రం నూనె పడకూడదు. చక్రాలు జారి బండి ఉన్నచోటే సాము చేస్తుంది. పెద్ద ఇంజిన్లు కూడా చక్రాలు జారినప్పుడు పట్టాల మీద ఇసుక చల్లుకుంటూ వెళ్తాయి. అందుకోసం వాటికి ప్రత్యేకంగా ఇసుక పెట్టెలే ఉంటాయి.

ఇక విప్పక తప్పదంటే... ప్రతి దశలోనూ సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ఊడదీసిన స్క్రూలను ఇడ్లీ ప్లేటు గుంతల్లో వరసగా వేసుకుంటే ఏది ఎక్కడిదో తికమక ఉండదు. ఆ ప్లేటు మళ్లీ వంటింట్లోకి వెళ్లేముందు శుభ్రంగా తోమడం మర్చిపోకూడదు!

ముందు ప్రాణం... తర్వాతే బొమ్మ

అమెరికా నుంచి వచ్చిన బొమ్మతో మరో ప్రమాదముంది. అక్కడి కరెంటు 120 వోల్టులు. మనది 230. అక్కడి కంట్రోలర్‌ను తిన్నగా మన ప్లగ్గులో పెడితే పొగ రావచ్చు, నిప్పంటుకోవచ్చు. దాని వెనక 'ఇన్‌పుట్' అన్నచోట 100 నుంచి 240 దాకా అని ఉంటేనే నేరుగా పెట్టాలి. 120 అని మాత్రమే ఉంటే ఇక్కడి కరెంటుకు తగిన కంట్రోలర్ కొనుక్కోవాలి.

కంట్రోలర్ ఎప్పుడూ ఇంట్లో పొడిగా ఉన్నచోటే ఉండాలి. పెరట్లోకి వెళ్లాల్సింది తక్కువ వోల్టుల తీగలు మాత్రమే. ఇంటి కరెంటును నేరుగా పట్టాలకు కలపడమంటే ప్రాణం తీసే పని. ఆ ఆలోచన కూడా పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. ప్లగ్గు ఉన్న లైనుకి, షాక్ కొడితే వెంటనే కరెంటును ఆపేసే ఆర్‌సీసీబీ ఉంటే ధైర్యం.

ఈ పట్టాల గొడవే వద్దనుకుని, ఇంజిన్‌లోనే బ్యాటరీ పెట్టి రిమోట్‌తో నడిపేవాళ్లూ చాలామందే ఉన్నారు. అప్పుడు పట్టాలు నల్లబడినా బండి నడుస్తుంది. కాకపోతే చార్జింగ్ చూసుకోవాలి. లిథియం బ్యాటరీలను తగిన చార్జర్‌తోనే, మనిషి దగ్గరుండగానే చార్జ్ చేయాలి.

డ్రైవరు చేతిలో పుస్తకం

తాత పాటించిన వరస కొత్తదేమీ కాదు. మన రైళ్లు నడిపే లోకో పైలట్ల దగ్గర 'ట్రబుల్ షూటింగ్ డైరెక్టరీ' అనే పుస్తకం ఉంటుంది. నడిదారిలో ఇంజిన్ మొరాయిస్తే ముందు ఏది చూడాలి, అది బాగుంటే తర్వాత ఏది చూడాలి అన్నది అందులో వరసగా రాసి ఉంటుంది. వెనక వందలమంది ప్రయాణికులు, ఆ వెనక ఆగిపోయే బండ్లు. అలాంటప్పుడు తోచినట్టు తడమడం కుదరదు. వరసే కాపాడుతుంది.

ఈ ప్రాంతానికీ బొగ్గుకీ రైలుకీ అనుబంధం పాతదే. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు ఉనికి కనిపెట్టాక, 1889లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. సత్తుపల్లి బొగ్గు మాత్రం చాలాకాలం లారీల్లోనే కొత్తగూడెం చేరింది. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి దాకా సుమారు 54 కిలోమీటర్ల కొత్త రైలుమార్గం 2022లో అందుబాటులోకి వచ్చాక ఆ బొగ్గు వ్యాగన్లెక్కింది. పెనుబల్లి పక్క మండలంలోకే రైలొచ్చిందన్నమాట. ఇక్కడి పిల్లలకి రైలు అంటే ఇప్పుడు సినిమాలో బొమ్మ కాదు, పొరుగూరి చుట్టం.

ఇంతకీ మన పెరటి రైలు సంగతి? పొద్దుగూకే వేళకి తాత కంట్రోలర్ తిప్పాడు. ఇంజిన్ బావి దగ్గర బయల్దేరింది. పందిరి దాటింది. మామిడిచెట్టు దగ్గరికొచ్చింది. పిల్లాడు ఊపిరి బిగబట్టాడు. దీపం మిణకలేదు. బండి చెట్టును చుట్టి, నేరుగా బావి గట్టు దగ్గరికొచ్చి ఆగింది.

మర్నాడు పిల్లలంతా వచ్చినప్పుడు మనవడు ముందు రైలు చూపించలేదు. లారీ బల్బు తీసుకొచ్చి, పట్టాల మీద పెట్టి చూపించాడు. పెద్దయ్యాక ఆ ఇంజిన్ ఏ అటక మీదికి చేరినా... దేన్నైనా విప్పేముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలన్న పాఠం మాత్రం వాడి దగ్గరే ఉంటుంది.

ఇలా ఉంటే... అలా!

దీపం లేదు, చప్పుడు లేదు: ప్లగ్గు, కంట్రోలర్, తీగలు వరసగా చూడాలి.

కంట్రోలర్ మీద ఎర్రలైటు వెలిగి కరెంటు ఆగిపోతోంది: రెండు పట్టాల మధ్య మేకో, స్క్రూవో అడ్డంగా పడి ఉంటుంది. చక్రం పట్టా తప్పినా ఇంతే. పట్టాలు గుండ్రంగా తిరిగొచ్చి తమనే ఎదురుగా కలుసుకునేలా వేసినా షార్టవుతుంది.

కుదుపులతో ఆగి ఆగి నడుస్తోంది: పట్టాల మీద, చక్రాల మీద మురికి.

ఒక్కచోటే ఆగుతోంది: ఆ దగ్గర్లోని అతుకు.

దూరం వెళ్లేకొద్దీ నీరసిస్తోంది: అతుకుల్లో వోల్టులు తగ్గిపోతున్నాయి. రెండోచోట కూడా కరెంటు అందించాలి.

చక్రాలు తిరుగుతున్నా బండి కదలదు: పట్టాల మీద నూనె, అరిగిన రబ్బరు రింగు, లేదా ఎత్తు ఎక్కువ. మీటరు దూరానికి రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఎత్తు పెరగకుండా చూసుకోవాలి.

వాన తర్వాత పట్టా తప్పుతోంది: కింది మట్టి కొట్టుకుపోయి పట్టా ఒరిగింది. కంకర సర్ది, లెవెల్ చూసుకోవాలి.